ట్యాంకు దించకుండా మడ్డి తీయొచ్చా? మొదట వెనక సీటు ఎత్తి చూడండి

ఏడాదిన్నర కదలని పెట్రోల్ కారుకి ట్యాంకు దించకుండానే లోపలి మడ్డి తీయొచ్చా అని అడిగారు. తీయొచ్చు, మా కారుకి అలాగే తీయించాను. కానీ వెనక సీటు కింద, ట్యాంకులోని పెట్రోల్ తోడే పంపుని పైకి తీయడానికి మూత ఉండాలి, చాలా కార్లకి ఉంటుంది, లేకపోతే దించాల్సిందే.

మాది నరసన్నపేట. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి నేను హైదరాబాద్‌లో ఉండిపోయాను, కారు పావు ట్యాంకు పెట్రోల్‌తో ఇంటి దగ్గరే ఉండిపోయింది. తర్వాత బ్యాటరీ మార్చి, నాన్నని కంటి పరీక్షకి విజయనగరం తీసుకెళ్తుంటే రణస్థలం దాటాక జర్కులిచ్చి హైవే మీదే ఆగిపోయింది. పక్కనుంచి లారీలు, ఆ ఎండలో నాన్న... ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. ఓ మెకానిక్ ట్యాంకులో క్లీనర్ సీసా పోసి పంపేశాడు, వారం తిరక్కుండా మళ్ళీ అదే గొడవ. ఆ మందు కాస్త జిగురుని కరిగిస్తుందేమో గానీ ఇసుకని, నీళ్ళని బయటికి తీయలేదు, ఊడిందంతా వెళ్ళి ఫిల్టర్‌కి పడుతుంది.

చివరికి శ్రీకాకుళంలో ఒక పెద్దాయన చేశారు. పంపు ఫ్యూజ్ లాగేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపారు, లైన్లో ప్రెషర్ పోవాలి కదా. బ్యాటరీ నెగెటివ్ తీసి, మూత చుట్టూ దుమ్ము తుడిచాకే విప్పారు. పంపుని పట్టి ఉంచే రింగు బిగుసుకుపోతే, దాన్ని చెక్కముక్కతో తట్టి తిప్పారు, ఇనుముతో కొడితే నిప్పురవ్వ లేస్తుందని. పంపు పైకి తీస్తే, దాని అడుగున పెట్రోల్ వడకట్టే జాలీ నిండా బెల్లంపాకం రంగు జిగురు, ట్యాంకు అడుగున నీళ్ళు విడిగా నిలిచి ఉన్నాయి. చేతిపంపుతో అంతా తోడేసి, రెండేసి లీటర్ల కొత్త పెట్రోల్ పోసి, పోగులూడని గుడ్డతో తుడిచి, మళ్ళీ తోడి, ఇలా మూడుసార్లు. జాలీ, రబ్బరు రింగు, ఫిల్టర్ కొత్తవే వేశారు.

దయచేసి నోటితో పెట్రోల్ పీల్చొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది, అందుకే గ్యారేజీలో కాదు, ఆరుబయట పగటి వెలుతురులో చేయించండి, అగ్నిమాపక సిలిండర్ దగ్గర పెట్టుకోండి. లోపల తుప్పు పెచ్చులు కనిపిస్తే మాత్రం ఇంక కడగడం ఆపి ట్యాంకు మార్చేయండి.

ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన సముద్రం పక్క ఊళ్ళలో తేమకి కొదవ లేదు. ఊరెళ్ళేముందు ఫుల్ ట్యాంకు చేసేస్తున్నాను, ఖాళీ తక్కువైతే తేమా తక్కువే. పదిహేను రోజులకోసారి పక్కింటి బాబాయి సింగుపురం దాకా తిప్పి తెస్తున్నారు.