ముందు మెట్లు లెక్కపెట్టు, ప్రామ్ సంగతి తర్వాత

చి. సౌ. రమ్యకి,

పెద్దమ్మ ఆశీస్సులు. బిడ్డని ఒంటికి కట్టుకునే గుడ్డ స్లింగు కొనాలా, బిడ్డని పడుకోబెట్టి తోసుకెళ్ళే బండి ప్రామ్ కొనాలా అని అడిగావు. నువ్వు స్లింగు అంటున్నావనీ, అల్లుడుగారు ప్రామ్ అంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. ఇద్దరి మాటా సరైనదే, కాకపోతే వేర్వేరు నెలలకి. ఫిబ్రవరిలో పురుడు. విశాఖ అక్కయ్యపాలెంలో అమ్మ వాళ్ళిల్లు లిఫ్టు లేని రెండో అంతస్తు. బిడ్డకి ఐదో నెలలో మీ మధురవాడ ఫ్లాటుకి వెళతావు. అందుకని పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఒక మంచి కాటన్ రింగ్ స్లింగు, అంటే ఒంటి భుజాన వేసుకుని రెండు రింగులతో బిగించేది, చాలు. ప్రామ్ మధురవాడ వెళ్ళే ముందు, టేపుతో కొలతలు తీసుకుని కొనండి. సిజేరియన్ అయినా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా ఈ లెక్క మారుతుంది. దాని గురించి కింద రాశాను, అది మాత్రం వదలకుండా చదువు.

మొదటి మూడున్నర నెలల్లో బిడ్డ ఇల్లు దాటేదే తక్కువ. 6, 10, 14 వారాలకి టీకాలు, మధ్యలో డాక్టరు పిలిస్తే ఒకటి రెండు చెకప్పులు, వీలైతే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం. అన్నీ ఆటో ప్రయాణాలే. బేసినెట్, అంటే పసిబిడ్డ వెల్లకిలా పడుకునే తొట్టి, ఉన్న పెద్ద ప్రామ్ 11 నుంచి 13 కిలోలు తూగుతుంది. దాన్ని రెండంతస్తులు దింపి, మడిచి, ఆటోలో ఇరికించి, ఆసుపత్రి దగ్గర మళ్ళీ విప్పడానికి ఒక మనిషి కావాలి. బిడ్డని ఎత్తుకోవడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి. బురుజుపేట సందుల్లో అది తిరగదు, సింహాచలం మెట్ల మాట సరేసరి. స్లింగుకి అసలు పని పడేది బయట కాదు, ఇంట్లోనే. పుట్టిన రెండో వారం నుంచి సాయంత్రాలు కారణం తెలియని ఏడుపు మొదలవుతుంది, ఆరో వారం దగ్గర అది బాగా ఎక్కువవుతుంది. అప్పుడు గుండెకి ఆనించి హాల్లో అటూ ఇటూ నడవడమే మందు. చేతుల మీద గంటసేపు మోస్తే మణికట్లు పడిపోతాయి.

స్లింగుల్లో రకాలున్నాయి. సాగే గుడ్డతో వచ్చే ర్యాప్ ఐదు మీటర్ల దాకా ఉంటుంది, బిడ్డ మీద మూడు పొరలు పడతాయి. మన ఏప్రిల్, మే ఉక్కపోతలో అది వద్దు. బకిల్స్ ఉన్న క్యారియర్ కొంటే అట్ట మీద కనీస బరువు ఎంత రాశారో చూడు. చాలావాటికి మూడు కిలోల పైనే ఉంటుంది. పైగా పసిబిడ్డకి లోపల మెత్త పెట్టాలి, మళ్ళీ వేడి. రింగ్ స్లింగులో బిడ్డ మీద ఒకటే పొర. నడుం బెల్టు ఉండదు కాబట్టి పొట్ట మీద బరువు పడదు. ఇక సంచిలా వేలాడే రకం, బిడ్డ అడ్డంగా లోపల మునిగిపోయేది, ఎవరైనా కానుకగా ఇచ్చినా వాడకు. అలాంటి స్లింగుల్లో ముగ్గురు పసివాళ్ళు పోయాక 2010 మార్చిలో అమెరికాలో సుమారు పది లక్షల స్లింగులు వెనక్కి తీసుకున్నారు.

గుడ్డ చేనేత కాటనో, కాటన్-నార కలిపిందో అయ్యుండాలి. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి మనిషి కనిపించేంత పల్చగా ఉండకూడదు. అమ్మ పాత చీరతో కుట్టించుకుంటానంటావేమో. ఉతికి ఉతికి పల్చబడ్డ చీర బరువు ఆపదు, భుజాన్నీ కోస్తుంది. జరీ అంచు బిడ్డ తొడలు గీరుతుంది. రింగులు అసలు అతుకు లేనివి కావాలి, స్లింగుల కోసమే పోతపోసిన అల్యూమినియంవో, గట్టి నైలానువో. హార్డువేర్ షాపులో దొరికే అతుకు పెట్టిన రింగు ఒకరోజు అక్కడే విచ్చుకుంటుంది. కాబట్టి రెడీమేడే కొను. కొన్నాక వాడే ప్రతిసారీ రింగుల దగ్గర కుట్లు చూసుకో, కనీసం మూడు వరసలుండాలి.

కట్టుకోవడం ఇప్పుడే నేర్చుకో, పురుడు అయ్యాక ఓపిక ఉండదు. అద్దం ముందు, మంచం పక్కన నిలబడి, గుడ్డలో చుట్టిన మూడు కిలోల బియ్యం మూటతో సాధన చెయ్యి. గుడ్డ చివర రెండు రింగుల్లోంచీ కింద నుంచి పైకి తీసి, ఒక రింగు మీదుగా వెనక్కి తిప్పి రెండో దానిలోంచి కిందికి లాగాలి, రెండు రింగుల బెల్టు బిగించినట్టే. ఈ దశలో చాలామంది గుడ్డని ముద్దగా దూరుస్తారు. అప్పుడు పై అంచు, కింది అంచు ఒకదాని మీద ఒకటి పడి ఏ అంచు లాగినా బిగుసుకోదు. కుచ్చిళ్ళు పెట్టినట్టు వరసగా పరిచి దూర్చు. తల మీదుగా వేసుకున్నాక రింగులు భుజం దగ్గర్లోనే ఉండాలి. బిగించేటప్పుడు అవి కిందికి జారి కాలర్ ఎముక కిందకి వస్తాయి. మొదటే అక్కడ పెడితే చివరికి ఛాతీ మధ్యకి దిగుతాయి, ఇక లాగడానికి చోటుండదు.

బిడ్డని రింగులు లేని భుజానికి ఎత్తుకో. కింద నుంచి చెయ్యి పెట్టి పాదాలు పట్టుకుని గుడ్డ లోపలికి దించు. గుడ్డ కింది అంచు ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా ఉండాలి. ఆ అంచుని బిడ్డ కాళ్ళ మధ్య నుంచి నీకూ బిడ్డకీ నడుమ బొడ్డు ఎత్తు దాకా పైకి దోపు. ఇది వదిలేస్తే బిడ్డ కాళ్ళు చాచిన క్షణంలో కింద నుంచి జారిపోతుంది. పై అంచు మెడ వెనక దాకా, అంతే, తల మీదకి కాదు. ఒక చెయ్యి పిరుదుల కింద ఉంచి, రెండో చేత్తో ముందు పై అంచు, తర్వాత మధ్య గుడ్డ, చివర కింది అంచు కొద్దికొద్దిగా లాగు. అంతా ఒక్కసారి గుంజితే గుడ్డ రింగుల్లో కరుచుకుంటుంది. చివరికి మోకాళ్ళు పిరుదుల కంటే ఎత్తులో, తొడలు విచ్చుకుని ఉండాలి. కాళ్ళు తిన్నగా కిందికి వేలాడితే లేత తుంటి కీళ్ళకి మంచిది కాదు.

కట్టాక నాలుగు చూడు. తల వంచితే నుదురు ముద్దుపెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. గుడ్డ పక్కకి తీయకుండానే ముఖం, ముక్కు కనబడాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కితే బిడ్డ నీ వైపు ఇంకా దగ్గరికి రాకూడదు, వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. వదులుగా ఉంటే వీపు ముడుచుకుంటుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరిగొట్టం మడతపడుతుంది. ఆ వయసు బిడ్డ తల ఎత్తుకోలేదు, చప్పుడూ చెయ్యదు. ‘హాయిగా నిద్రపోతోంది’ అనుకునేది ఇక్కడే. నాలుగు నెలల లోపు అందుకే ఇంత పట్టింపు. పాలు పట్టడానికి కిందికి దించావనుకో, తాగడం అవగానే మళ్ళీ నిలువుగా పైకి తెచ్చి నాలుగూ చూసుకో.

స్లింగు వేసుకునే ముందు మంగళసూత్రాలకి తగిలించిన పిన్నీసులు తీసెయ్యి, ఇది మన ఆడవాళ్ళందరికీ చెప్పాలి. బిడ్డ మెడలో దిష్టి తాడు, గొలుసు ఏవీ వద్దు. కట్టక తప్పదని అమ్మ అంటే మొలకి కట్టమను. స్లింగులో బిడ్డ ఉండగా పొయ్యి దగ్గరికి వెళ్ళకు, కాఫీ తాగకు, దీపం పెట్టకు. ఏదైనా కింద పడితే నడుం వంచకు, మోకాళ్ళు వంచి తీసుకో. గుడ్డ కూడా ఒక బట్టల జత కిందే లెక్క కాబట్టి లోపల పల్చటి చొక్కా ఒక్కటి చాలు, స్వెట్టరూ టోపీ వద్దు. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయని కంగారుపడకు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు. తడిగా, వేడిగా ఉంటే వెంటనే తీసి ఫ్యాను కింద పడుకోబెట్టు. ఏప్రిల్ నుంచి పొద్దున తొమ్మిది దాటాక స్లింగుతో బయటికి వద్దు.

టీకా వేసిన రోజు తొడ నొప్పి ఉంటుంది, గుడ్డ అంచు సరిగ్గా అక్కడే ఒత్తుతుంది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో బిడ్డని చేతుల్లోనే తీసుకురండి. ఆటోలో వెనక సీటు మధ్యలో కూర్చో. కారులో స్లింగు మీద సీటుబెల్టు పెట్టుకోకూడదు, బిడ్డకి వెనక్కి తిరిగి ఉండే కారు సీటే సరైనది. అల్లుడుగారి బైకు మాట ఎత్తొద్దు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధన నాలుగేళ్ళ లోపు పిల్లలకి బైకు మీద హార్నెస్, అంటే బిడ్డని నడిపేవాళ్ళకి కలిపి ఉంచే పట్టీల చొక్కా, కట్టాలంటుంది, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదంటుంది. ఆ హార్నెస్ వేరు, స్లింగు వేరు. మెడ నిలవని బిడ్డ బైకు ఎక్కకూడదు.

సిజేరియన్ అయితే డాక్టరు చూసి సరేననే దాకా, మామూలుగా ఆరు వారాలు, స్లింగు నువ్వు వేసుకోకు. అల్లుడుగారు వేసుకోవాలి. అందుకని ఆయనా ఇప్పుడే నేర్చుకోవాలి. ఆయన భుజాలకి గుడ్డ సరిపోవాలి, కట్టాక రింగుల్లోంచి వేలాడే గుడ్డ చివర తుంటి దాకా దిగితే సరిపోయినట్టు. మీ అమ్మకి మెడనొప్పి ఉంది కాబట్టి ఎంత ముచ్చటపడినా ఆమెకి ఇవ్వకు, ఒంటి భుజం మీద బరువు ఆ మెడకి పనికిరాదు. బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టినా, నెలలు నిండకపోయినా, జలుబుతో ఊపిరి బరువుగా ఉన్నా పిల్లల డాక్టరుని అడగకుండా స్లింగు వాడొద్దు. ఆసుపత్రిలో నేర్పే కంగారూ పద్ధతి చర్మానికి చర్మం ఆనించి, వాళ్ళు చెప్పినట్టు కూర్చుని చేసేది. దాన్ని చూసి స్లింగు కూడా అంతేగా అనుకోకు. అలాంటి పరిస్థితిలో ఇంట్లో వాడుకోవడానికి బల్లపరుపుగా ఉండే బేసినెట్ ప్రామ్ కొంతకాలం ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు.

ఇక మధురవాడ. అప్పటికి బిడ్డ పుట్టిన బరువుకి రెట్టింపవుతుంది, ఒంటి భుజం లాగుతుంది, ప్రామ్ నిజంగా అవసరమవుతుంది. ఆగి కొనడంలో ఇంకో లాభముంది. బేసినెట్ పనికొచ్చేది బిడ్డ బోర్లాపడి చేతుల మీద లేచే దాకానే, అంటే ఐదారు నెలలు. మీరు కొనేసరికి దాని అవసరమే ఉండదు. సీటు పూర్తిగా వెనక్కి వాలేది చూసుకుంటే చాలు. ఆసరా లేకుండా కూర్చునే దాకా వాల్చే ఉంచాలి. పట్టీలు ఐదు ఉండాలి: రెండు భుజాలకి, రెండు నడుముకి, ఒకటి కాళ్ళ మధ్య. నడుముకి మాత్రమే ఉన్నది తీసుకోకు.

చక్రాలు చూసి కొనమని అల్లుడుగారికి గట్టిగా చెప్పు. మడిస్తే గొడుగంత అయ్యే ప్రామ్‌లకి అరచేతిలో పట్టేంత చక్రాలుంటాయి. షాపింగ్ మాల్లో నున్నగా నడుస్తాయి, మన కాలువ పలకల సందుల్లో, స్పీడ్‌బ్రేకర్ల దగ్గర ఇరుక్కుని ముందుకి తూలతాయి. ఎనిమిది అంగుళాలకి తగ్గకుండా చూడండి. కొనేముందు మీ లిఫ్టు తలుపు వెడల్పు, కారు డిక్కీ లోతు కొలవండి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంటే పెద్ద ప్రామ్ పట్టదు. షాపులో మీరే ఒంటిచేత్తో మడిచి చూడండి, అమ్మేవాడు మడిస్తే అన్నీ సులువుగానే మడతపడతాయి.

మన ఊరు ఎగుడుదిగుడుల ఊరు. పాండురంగాపురం డౌన్ లాంటి చోట ప్రామ్ చెయ్యి వదిలితే ఆగదు. హ్యాండిల్‌కి మణికట్టు పట్టీ ఉన్నది కొనండి, లేకపోతే కుట్టించండి. ఆగాల్సి వస్తే వాలుకి అడ్డంగా తిప్పి బ్రేకు వేసి, అయినా చెయ్యి తీయొద్దు. కూరల సంచి హ్యాండిల్‌కి తగిలిస్తే బిడ్డని ఎత్తగానే ప్రామ్ వెనక్కి పడుతుంది, సంచి కింది బుట్టలో పెట్టాలి. ఎండ తగులుతోందని తువ్వాలు కప్పితే లోపల గాలి ఆడదు, వేడి పెరిగిపోతుంది. దోమతెర చాలు, నీడలో నడవండి. లోపల ఆవాల దిండు పెట్టకు. తల గుండ్రంగా వస్తుందని ఎవరు చెప్పినా సరే, దిండు వల్ల గడ్డం కిందికి వంగుతుంది.

బీచ్‌రోడ్డు మీద పొద్దున్నే ప్రామ్ నడక బాగుంటుంది, ఇసకలోకి మాత్రం దించొద్దు. ఉప్పు గాలికి స్క్రూలూ స్ప్రింగులూ తుప్పుపడతాయి. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఇరుసుకి కొబ్బరినూనె వేస్తే ఇసక అంటుకుని కిర్రుమంటుంది, సిలికాన్ స్ప్రే వాడండి.

స్లింగు కొన్నాక రెండు మూడుసార్లు ఉతికితే మెత్తబడుతుంది. గంజి పెట్టనివ్వకు, గంజి పెట్టిన గుడ్డ రింగుల్లో జారదు. మొదటి ఉతుకు ఈ వారమే అయిపోతే, వచ్చే ఆదివారం నేను వచ్చేసరికి బియ్యం మూటతో మీ ఇద్దరూ కట్టి చూపించండి.

మీ పెద్దమ్మ