ఒలింపిక్ పతకం లేని సైక్లిస్టును గొప్ప ఛాంపియన్ అనొచ్చా?

నిరభ్యంతరంగా అనొచ్చు. నా జవాబు బ్రిటన్ సైక్లిస్టు బెరిల్ బర్టన్. ఒలింపిక్స్‌లో మగవాళ్లకు రోడ్డు సైకిల్ పందెం 1896 నుంచే ఉంది. ఆడవాళ్లకు పెట్టింది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. అప్పటికి ఈవిడకు 47 ఏళ్లు. లేని పందెంలో పతకం ఎక్కణ్ణుంచి తెస్తుంది చెప్పండి! ఉన్నవాటిలో మాత్రం ఏదీ వదల్లేదు. ప్రపంచ రోడ్డు పందెం రెండుసార్లు గెలిచింది, 1960లో ఒకసారి, 1967లో ఒకసారి. ట్రాక్ మీద ఇద్దరు ఎదురెదురు వైపుల నుంచి బయల్దేరి ఒకరినొకరు తరుముకునే పర్స్యూట్ పందెంలో ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. బ్రిటన్‌లో ఏడాది మొత్తానికి, వేర్వేరు దూరాల పందేల్లో సగటు వేగం చూసి ఇచ్చే ఉత్తమ ఆల్‌రౌండర్ కిరీటం 1959 నుంచి 1983 దాకా వరుసగా 25 ఏళ్లు ఆవిడదే.

మేం ఉద్యోగాల కోసం ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతంలోని లీడ్స్ వచ్చి స్థిరపడ్డాం. ఆవిడ ఊరు మోర్లీ మాకు పక్కనే. అక్కడ ఆవిడ పేరుతో చిన్న తోట ఉంది, గోడ మీద సైకిల్ తొక్కుతున్న ఆవిడ బొమ్మ ఉంది. బజారు పని మీద వెళ్లి, "ఎవరండీ ఈవిడ?" అని బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దాయన్ని అడిగాను. అంతే, నా బస్సు పోయింది, దాని తర్వాతి బస్సూ పోయింది. ఆయన ముందుగా చెప్పింది ప్రపంచ టైటిళ్ల గురించి కూడా కాదు, 1967 సెప్టెంబరులో యార్క్‌షైర్‌లో జరిగిన పన్నెండు గంటల పందెం గురించి.

అందులో ఎవరి వెనకా నక్కి గాలి తప్పించుకోవడానికి వీల్లేదు. ఒకరి తర్వాత ఒకరిని వదులుతారు, పన్నెండు గంటల్లో ఎవరు ఎంత దూరం తొక్కితే అంత. ముందు మగవాళ్లను పంపారు, తర్వాత ఆడవాళ్లను. బెరిల్ ఒక్కొక్క మగాణ్ణీ దాటుకుంటూ పోయింది. చివరికి మైక్ మెక్‌నమారా ఒక్కడు మిగిలాడు. ఆయనేమీ తక్కువవాడు కాదు, ఆ రోజే మగవాళ్ల రికార్డు బద్దలుకొట్టే ఊపులో ఉన్నాడు. అతని పక్కకొచ్చేసరికి ఈవిడకు ఏమనాలో తోచలేదట. జేబులోంచి ఓ లికరిష్ మిఠాయి తీసి చేతిలో పెట్టింది. అతిమధురంతో చేసే రంగురంగుల బిళ్లలు, ఇక్కడ ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. అతను థాంక్స్ చెప్పి తీసుకున్నాడు. ఈవిడ ముందుకెళ్లిపోయింది.

సాయంత్రానికి మెక్‌నమారా లెక్క 276.52 మైళ్లు, మగవాళ్లలో కొత్త రికార్డు. బెరిల్ లెక్క 277.25, అంటే 446 కిలోమీటర్లు. ఆ దూరాన్ని దాటడానికి మగవాళ్లకు రెండేళ్లు పట్టింది, ఆడవాళ్లకు యాభై ఏళ్లు. ఇంకా ఒలింపిక్ పతకమే కావాలంటారా? మనకదో జబ్బు. నాలుగేళ్లకోసారి నిద్రలేచి పతకాలు లెక్కపెట్టుకుని మళ్లీ క్రికెట్ పెట్టుకుంటాం.

ఇంతా చేసి ఆవిడ జీవితమంతా అమెచ్యూరే. పొట్టకూటికి రూబార్బ్ తోటలో కూలి పని. ఆ తోట నిమ్ కార్లైన్ అనే మరో సైక్లిస్టుది. రూబార్బ్ అంటే మన చుక్కకూరకు చుట్టమే. కాకపోతే ఆకు విషం, కాడే తినాలి. ఇక్కడివాళ్లు పంచదార పోసి దాని ప్రాణం తీస్తారు గానీ, కందిపప్పులో వేసి ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టి చూడండి. యార్క్‌షైర్ చలిలో ఆ కాడల మూటలు మోసి మోసి గట్టిపడిన ఒళ్లు ఆవిడది. ఏ జిమ్ కోచ్ ఏం చెప్పినా నేను నమ్మేది ఆ మూటలనే.

చిన్నప్పుడు మాత్రం ఆవిడ రోగిష్టి పిల్ల. ఏ హైస్కూల్లో చేరాలో తేల్చడానికి అప్పట్లో పదకొండేళ్లకు ఇక్కడ పెట్టే పరీక్ష తప్పింది, ఆ బెంగతోనే మంచాన పడింది. పైగా రుమాటిక్ జ్వరం, నెలల తరబడి ఆసుపత్రి. ఒళ్లు అలిసే పనులు పెట్టుకోవద్దన్నారు డాక్టర్లు. (ఆరో తరగతి పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్‌లో పడేసే తల్లిదండ్రులు ఈ పేరా రెండుసార్లు చదవాలి.) సైకిల్ అలవాటు చేసింది భర్త చార్లీ. తర్వాత బండి బాగుచెయ్యడం, పందేలకు తీసుకెళ్లడం, పాపను చూసుకోవడం అన్నీ ఆయనే. మా ఆయనకు చైను జారిందని ఫోన్ చేస్తే యూట్యూబ్ లింకు పంపుతాడు.

ఇక్కడ ఈవిడ పేరెత్తితే తప్పకుండా ఎవరో ఒకరు తవ్వితీసే కథ ఒకటుంది. 1976 జాతీయ రోడ్డు పందెంలో ఆఖరి స్ప్రింట్‌లో సొంత కూతురు డెనిస్ ఈవిడను ఓడించింది. పోడియం మీద తల్లి కూతురికి చెయ్యి కలపలేదు. అందరికన్నా ముందు వెళ్తున్న గుంపు వెనకపడకుండా చూడటంలో కూతురు తన వంతు కష్టం పడలేదని కోపం. "ఏం తల్లండీ!" అని ముక్కున వేలేసుకుంటారు. నన్నడిగితే ఆ పూట ఆవిడ పందెంలో ఓడిన మనిషి, అంతే. ఓడిపోయి రాకెట్ విరగ్గొట్టే మగాళ్లను "ఏం తండ్రి!" అని ఎవరైనా అన్నారా? మా ఇంట్లో కేరమ్స్ ఆటలో నేను మా అమ్మాయికి కావాలని ఓడిపోనంటే మా అత్తగారికీ ఇదే బాధ. బెరిల్ కూడా తర్వాత రాసుకున్న ఆత్మకథలో ఆ రోజు గురించి గొప్పగా ఏమీ చెప్పుకోలేదు. నాకైతే ఆ మాత్రం సంజాయిషీ కూడా అక్కర్లేదు.

పైగా చెయ్యి కలపని కథ చెప్పేవాళ్లెవరూ 1982 సంగతి చెప్పరు. ఆ ఏడు తల్లీకూతుళ్లిద్దరూ ఒకే టాండెమ్ (ఇద్దరు కలిసి తొక్కే సైకిల్) ఎక్కి పది మైళ్లు 21 నిమిషాల 25 సెకన్లలో తొక్కి బ్రిటిష్ మహిళల రికార్డు పెట్టారు.