ఆర్‌ఎక్స్ 100 వెనక ఎత్తు పెంచే ముందు

అల్లుడూ,

స్పీడ్ బ్రేకర్ మీద నీ యమహా ఆర్‌ఎక్స్ 100 బండి వెనక ఠక్కుమని కొడుతోందనీ, పుత్లీబౌలి పోయి పొడుగు షాకప్స్ తెచ్చి ఎత్తు పెంచేస్తాననీ అన్నావు. తెచ్చుకో, కాదనను. ఇవాళే మాత్రం వద్దు. ఆ మోడల్ 1996లోనే ఆగిపోయింది. బండి ఇన్నేళ్లలో ఎంత కుంగిందో చూడకుండా ఎంత లేపాలో ఎట్లా తేలుస్తావు?

ముందు టేపు తియ్యి. డబుల్ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నట్టు నడిమి నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఫ్రేము మీద ఒక గుర్తు పెట్టి దూరం కొలువు. తర్వాత బండి దింపి, ఒకడు హ్యాండిల్ పట్టుకుంటే నువ్వెక్కి రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చో. రెండుసార్లు ఊపి ఆగాక ఇంకొకడు మళ్లీ కొలవాలి. మొదట 500 వచ్చి ఇప్పుడు 460 వస్తే 40 మిల్లీమీటర్లు దిగినట్టు. వెనక చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం ప్రయాణం 90 అనుకుంటే అందులో మూడో వంతు, అంటే 30 దిగితే సరిపోతుంది. మిగతాది గుంతల కోసం ఉండాలి. వెనక ఇంకొకర్ని ఎక్కించుకుని తిరిగేవాడివైతే ఆ బరువుతో కూడా కొలుచుకో.

షాకప్ కింద నాచ్, అంటే స్ప్రింగ్‌ను అదిమే మెట్ల రింగు, తిప్పి రెండు వైపులా ఒకే మెట్టులో పెట్టు. నాచ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడిందనుకుంటారు చాలామంది, మెకానిక్కులు కూడా. గట్టిపడదు, బండి కాస్త పైకి లేస్తుంది, అంతే. చివరి మెట్టులో కూడా 40 దిగుతుంటే స్ప్రింగ్ అలిసిపోయింది. సీటు నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగితే లోపల ఆయిల్ పోయింది. ఈ రెండిట్లో ఏదున్నా కంపెనీ పొడవున్న కొత్త జత వేస్తే చాలు, ఆ ఠక్కు చాలావరకు అక్కడే పోతుంది.

అయినా పొడుగువే కావాలంటే 10 మిల్లీమీటర్లు, గట్టిగా అంటే 20. దాటకు. మన బండి చక్రాల మధ్య దూరం మీటరుంపావు దగ్గర. వెనక 20 లేస్తే ముందు ఫోర్కు కోణం ఒక డిగ్రీ దాకా నిలువవుతుంది, ట్రెయిల్, అంటే హ్యాండిల్ ఇరుసు గీత నేలను తాకే చోటికీ టైరు తాకే చోటికీ మధ్య దూరం, ఐదారు మిల్లీమీటర్లు తగ్గుతుంది. హ్యాండిల్ తేలికవుతుంది. మెహదీపట్నం ట్రాఫిక్‌లో అది హాయిగానే ఉంటుంది, 80 స్పీడులో మాత్రం హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్, అరిగి ఉంటే ఇంకా ఎక్కువ. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పు, నడిమిట్ల గాడిలో పడ్డట్టు ఆగితే దాన్ని మార్చకుండా వెనక ఎత్తు ముట్టుకోకు. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే స్వింగ్ ఆర్మ్, దాని కీలులో ఉండే బుష్ కూడా అంతే: చక్రం పట్టుకుని పక్కలకు ఊపినప్పుడు ఆర్మ్ కూడా కదిలితే బుష్ పోయింది, చక్రం ఒక్కటే కదిలితే బేరింగ్.

ఇనప ముక్క వెల్డింగ్ చేసి షాకప్ పొడుగు చేసేవాళ్లున్నారు, అటు పోకు. ఆ అతుకు వంగినా విరిగినా ఆ పక్క షాకప్ లేనట్టే. ఫ్రేముకు కొత్త బ్రాకెట్ అతికించడమూ వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపు మార్చొద్దంటుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కొత్త షాకప్ కన్నులో, అంటే బోల్టు దూరే రింగులో, బుష్ వదులుగా ఉంటే సరైన సైజు స్లీవ్ వేయించు, బోల్టు రంధ్రం పెద్దది చేయించకు.

ముందు ఫోర్కు ఆయిల్ ఎట్లాగూ మార్చాలి. ఇంజన్ కింద దుంగ పెట్టి ముందు చక్రం లేపాకే పై మూతలు విప్పు, లేకపోతే బండి ముందుకు కూలబడుతుంది. మూత చివరి మరలో అరచేతితో అదిమి పట్టు, స్ప్రింగ్ తోసేస్తుంది, మొహం పక్కకు పెట్టు. ఫోర్కు రెండు గొట్టాల్లో మాన్యువల్ చెప్పిన కొలత, సిరంజితో, ఐదు మిల్లీలీటర్ల తేడా కూడా లేకుండా పొయ్యి. ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గి గట్టిపడుతుంది, సీల్సు కారుతాయి. చిక్కటి ఆయిల్ ఫోర్కు కదలికను నెమ్మది చేస్తుందే గానీ బండిని ఎత్తదు.

వెనక లేచాక చెయిన్ మళ్లీ సరిచెయ్యి. ఇంజన్ స్ప్రాకెట్ (చెయిన్ తిప్పే పళ్ల చక్రం), స్వింగ్ ఆర్మ్ కీలు, యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చెయిన్ బాగా బిగుసుకుంటుంది. షాకప్ కింది బోల్టులు విప్పి చక్రాన్ని ఆ చోటికి లేపి చూడు, అక్కడ కూడా చెయిన్‌కు కనీసం 10 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, ఉండాలి. బ్రేక్ రాడ్ ఆట, హెడ్‌లైట్ వాలు చూసుకో, వెలుగు కిందికి పడుతుంది. సైడ్ స్టాండ్ మీద బండి మునుపటికంటే ఎక్కువ వాలుతుంది, బంజారాహిల్స్ ఎత్తుల్లో ఆపితే పడిపోవచ్చు. డబుల్ స్టాండ్ వేసినా వెనక టైరు నేలకు తగులుతుంటే, పంక్చర్ రోజు చక్రం విప్పడానికి స్టాండు కింద చెక్క ముక్కలు పెట్టక తప్పదు. డిక్కీలో రెండు పెట్టుకో.

మీ మామ