తూకం దగ్గర మొదలైన రాజకీయం

ప్రశ్న: బ్రిటన్ బొగ్గు గని కార్మికులకు రాజకీయాల్లో అంత పట్టు ఎలా వచ్చిందండీ?

జవాబు: ముప్పై ఏళ్లు కార్మిక చరిత్ర పాఠం చెప్పాను. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను కాటా దగ్గర నుంచే మొదలుపెడతాను. బొగ్గు తవ్వేవాడికి కూలి తూకాన్ని బట్టే. లోపల చీకట్లో తొట్టి నింపి, తన గుర్తుబిళ్ల తగిలించి పైకి పంపేవాడు. పైన తూచేది యజమాని మనిషి. రాళ్లు కలిశాయనో, తొట్టి నిండలేదనో కోత పెడితే కింద ఉన్నవాడికి ఏం తెలుస్తుంది? ఆ కోత నేరుగా ఇంట్లో పిల్లల తిండి మీద పడేది. అందుకే తూకం చూడటానికి తమ మనిషి ఉండాలని పోరాడారు. 1860 చట్టం ఆ హక్కు ఇచ్చింది. అతన్ని ఎన్నుకునేదీ, జీతమిచ్చేదీ కార్మికులే. లెక్క తెలిసి, యజమానికి ఎదురు మాట్లాడగల మనిషి కావాలి కదా! అలాంటివాళ్లే చాలాచోట్ల సంఘ నాయకులయ్యారు.

1874లో అలెగ్జాండర్ మెక్‌డొనాల్డ్, థామస్ బర్ట్ పార్లమెంటుకు గెలిచారు. ఇద్దరూ గనిలో పనిచేసినవాళ్లే. 1909లో గని కార్మికుల సమాఖ్య లేబర్ పార్టీలో చేరింది. పదమూడేళ్లకే గనిలోకి దిగిన అన్యూరిన్ బెవన్ ఆ పార్టీ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రిగా 1948లో ఉచిత వైద్య వ్యవస్థను ప్రారంభించాడు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

గనుల మూసివేతకు ఎదురుగా గని కార్మికులు చేసిన 1984–85 సమ్మె ఓడిపోయాక గనులు వరసగా మూతపడ్డాయి, సంఘం బలమూ కరిగిపోయింది. ఆ ఏడాది పొడవునా ఉమ్మడి వంటశాలలు నడిపి సమ్మెను నిలబెట్టిన ఆడవాళ్ల గురించి కూడా తప్పకుండా చదవండమ్మా.