మునిన్ అనే వీడియో గేమ్ కథ నార్స్ (పాతకాలపు స్కాండినేవియా) పురాణాల్లో ఉందా?

సగం ఉంది, సగం గేమ్ వాళ్ల కల్పన.

పురాణంలో ఓడిన్ దేవుడికి హుగిన్, మునిన్ అని రెండు కాకోలాలు (బొంత కాకులు అనుకోండి). పేర్లకు అర్థం ఆలోచన, జ్ఞాపకం. రోజూ లోకమంతా తిరిగొచ్చి ఆయన చెవిలో వార్తలు ఊదుతాయి. హుగిన్ తిరిగి రాదేమోనని భయం, మునిన్ గురించి అంతకన్నా భయం అని ఓడిన్ అనే మాట పాత నార్స్ పద్యాల్లో ఉంది. జ్ఞాపకం పోతుందేమోనన్న భయం! నాకైతే గేమ్ కన్నా ఇదే బాగుంటుంది.

లోకి అనే జిత్తులమారి దేవుడు మునిన్ పక్షిని మామూలు అమ్మాయిగా మార్చడం, ఈకలు చెల్లాచెదురు కావడం మాత్రం 2014లో వచ్చిన ఈ గేమ్ అల్లిక. యిగ్‌డ్రసిల్ మహావృక్షం మోసే లోకాలు తిరిగి ఈకలు ఏరుకోవాలి.

ఆటలో అసలు కిటుకు: లెవెల్‌లోని ముక్కల్ని 90 డిగ్రీలు తిప్పొచ్చు. గోడ నేలవుతుంది, బండరాయి దొర్లుతుంది. మునిన్ నిలబడ్డ ముక్క మాత్రం తిరగదు. అందుకే దూకే ముందే లెక్కేసుకోవాలి.