తల్లి కుందేలు పిల్లల దగ్గర ఉండకపోవడం మామూలే

మీ కుందేలు తొలిసారి ఈనిందనీ, పిల్లల వైపు కూడా చూడటం లేదనీ, పాలివ్వట్లేదేమోనని భయంగా ఉందనీ రాశారు. టెన్షన్ పడకండి. కుందేలు పిల్లల్ని పొదువుకుని పడుకోదండీ. రోజుకు ఒకటి రెండుసార్లు, ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో వచ్చి, నాలుగైదు నిమిషాల్లో పాలిచ్చి వెళ్లిపోతుంది. అందుకే మీ కంట పడి ఉండదు.

పొద్దున్నే చేతులు కడుక్కుని ఒక్కో పిల్లను తీసి చూడండి. పొట్ట గుండ్రంగా ఉండి, పల్చటి చర్మం కింద తెల్లగా పాలు కనిపిస్తే కడుపు నిండినట్టే. పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడితే తాగలేదని అర్థం. మనం ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది పెంపుడు కుందేళ్ల విషయంలో నిజం కాదు. చనిపోయిన పిల్ల ఉంటే వెంటనే తీసేయాలి కాబట్టి రోజూ చూడాల్సిందే.

తొలి ఈతలో కొన్ని గూటి బయటే ఈనేస్తాయి. బొచ్చు లేని పిల్లలు అక్కడ చల్లబడిపోతాయి. అలాంటి పిల్లను అరచేతుల్లో బాగా వెచ్చబరిచాకే, ఎండుగడ్డీ తల్లి బొచ్చూ పరిచిన పెట్టెలో మిగతావాటితో కలపండి.

రేపటికీ పొట్టలు ఖాళీగానే ఉంటే తల్లిని నెమ్మదిగా పట్టుకుని పిల్లలకు చన్ను అందించండి, పశువైద్యుడికీ చూపించండి. ఆవుపాలు మాత్రం పొయ్యకండి. తల్లి ముందు నీళ్లు, గడ్డి ఎప్పుడూ ఉండాలి.

మగ కుందేలు అదే బోనులో ఉంటే ఇవాళే వేరు చేయండి. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు.