తిరుపతిలో ఉంటూ సెకండ్ హ్యాండ్ కాటమరాన్ కొనొచ్చా? ఇద్దరమే బిగించుకుని సముద్రంలోకి తీసుకెళ్ళగలమా?

చెన్నైలో ఒకరి దగ్గర పాత హోబీ 16 (రెండు దోనెల చిన్న తెరచాప పడవ) అమ్మకానికి ఉందని, మీరూ మీ బావమరిదీ కలిసి కొనాలనుకుంటున్నారని, ఇద్దరికీ ఈత వచ్చు గానీ తెరచాప పడవ ఎప్పుడూ ఎక్కలేదని రాశారు. నాలుగేళ్ళ కిందట నేనూ మా బావమరిదీ ఇదే పని చేశాం. కొనొచ్చు, ఇద్దరే బిగించొచ్చు కూడా. బిగించడం వచ్చింది కదా అని మర్నాడే సముద్రం మీదికి మాత్రం పోకండి.

పడవ ట్రైలర్ మీద ఇంటికొచ్చిన రోజు మా అవ్వ చూసి, "ఏం నాయనా, తిరుచానూరు తెప్పోత్సవానికి నువ్వు గూడా తెప్ప కట్టించినావా?" అనింది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. కాటమరాన్ అన్న మాట తమిళంలోని కట్టుమరమే, అంటే మాన్లు పక్కపక్కన పెట్టి కట్టిన తెప్ప. ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు పట్టుకెళ్ళి రెండు దోనెల పడవకు తగిలించారు.

కొనేముందు ఆ రెండు ఫైబర్ దోనెల పైభాగాన్ని బొటనవేలితో నొక్కుతూ పోండి. ఎక్కడైనా మెత్తగా లోపలికి దిగితే ఫైబర్ పొరలు విడిపోయాయని అర్థం. కొబ్బరికాయ తట్టినట్టు తట్టి చూడండి, శబ్దం బోలుగా మారిన చోట అనుమానించండి. వెనక డ్రెయిన్ రంధ్రంలో నోటితో గాలి ఊది, అతుకుల మీద సబ్బునీళ్ళు రాస్తే బుడగలు కారే చోటు చెప్తాయి. కంప్రెసర్ పెట్టొద్దు, అతుకులు విడిపోతాయి. తీగలు, తాళ్ళు ఎలాగూ పాతబడి ఉంటాయి. మాస్టును, అంటే చాప కట్టే నిలువు స్తంభాన్ని, పట్టుకుని ఉండే స్టీలు తీగల్లో ఒక్క పోగు తెగి ముల్లులా లేచినా మొత్తం సెట్టు మార్చేయండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇక బిగించడం. పొడవు 16 అడుగుల 7 అంగుళాలు, వెడల్పు 8 అడుగులకు అంగుళం తక్కువ, బరువు 145 కిలోలు. మేం చంద్రగిరి దగ్గర మా మామిడితోటలో పాత లారీ టైర్ల మీద దోనెలు పెట్టి మొదలుపెట్టాం. దోనెకు ఒకవైపు చదును, ఇంకోవైపు ఉబ్బు ఉంటుంది. చదును బయటికి, ఉబ్బు లోపలికి రావాలి. దోనెల మీద నాలుగు కాళ్ళు లేచి ఉంటాయి, ముందు వెనక అడ్డపైపులు, పక్కపైపులు కలిసిన ఫ్రేము వాటి మీద కూర్చుంటుంది. కూర్చునే ట్రాంపోలిన్ బట్ట అంచుల్ని ఫ్రేము కలిపేటప్పుడే పైపుల గాడిలోకి జొప్పించాలి. మేం బోల్టులన్నీ బిగించి, టీ తాగి, బట్ట చేతిలో పట్టుకుని అప్పుడు చూసుకున్నాం. మళ్ళీ అంతా విప్పాం. బట్టకు తాడు లాగడం మాత్రం మనకు తెలిసిన పనే, నులక మంచం బిగించినట్టే. ఒకసారి లాగి, నీళ్ళు చల్లి, మర్నాడు మళ్ళీ లాగండి. అది వదులుగా ఉంటే ఫ్రేము నలుచదరంగా నిలబడదు, నీళ్ళలో రెండు దోనెలు రెండు దారులు పడతాయి.

మాస్టు దగ్గర జరిగింది వివరంగా చెప్తాను. దాని పొడవు 26 అడుగులకు పైనే. అడుగుభాగాన్ని కీలులో పిన్నుతో బిగించి, రెండు పక్కల తీగలూ ముందే తగిలించి, ఒకరు ట్రాంపోలిన్ మీద నిలబడి భుజాన ఎత్తుతుంటే ఇంకొకరు ముందునుంచి తాడుతో లాగాలి. మా బావమరిది ఎత్తాడు, నేను లాగుతున్నా. మాస్టు సగం లేచింది. అప్పుడు నీళ్ళు కడుతున్న తోటమాలి గట్టు మీంచి అరిచాడు: "సామీ, పైన కరెంటు తీగలు చూసినారా?" తలెత్తితే, బోరు మోటారుకు వచ్చే లైను. మాస్టు కొస వాలే దారిలో సరిగ్గా ఉంది. పాత మాస్టు మొత్తం అల్యూమినియం, పట్టుకున్న తీగ స్టీలు, కాళ్ళ కింద తడి నేల. చేతులు వణుకుతుంటే మెల్లగా దించేశాం. ఆ రోజు ఇక పని చేయలేదు. ఇలాంటి కరెంటు ప్రమాదాల వల్లే కొత్త రకం మాస్టులకు పైభాగం ఫైబర్‌తో చేశారు, కానీ పక్క తీగలు వాటికీ స్టీలే. పడవ కొనేటప్పుడు మాస్టు ఏ రకమో అడగండి. తోటైనా, బీచ్ అయినా, పెట్రోల్ బంకు పక్క ఖాళీ జాగా అయినా ముందు తలెత్తి చూడండి. మాస్టు నిలబెట్టాక ట్రైలర్‌ను ఒక్క అడుగు లాగాలన్నా మళ్ళీ చూడండి.

తెరచాప పని దీనితో పోలిస్తే తేలిక. చాపలో దూర్చే పొడవాటి బద్దలకు సన్నటి కొస మాస్టు వైపు రావాలి. ముందు చాప జిప్పుతో ముందు తీగకు చుట్టుకుంటుంది. తీగల పిన్నులకు ఉండే చిన్న రింగులు వేలి గోరంత ఉంటాయి, వాటి మీద టేపు చుట్టండి. అవి ఊడితే మాస్టే కూలుతుంది. చుక్కానులు ఇసుక తగిలితే పైకి లేచేలా ఉంటాయి, ఆ స్ప్రింగు పని చేస్తోందో లేదో ఒడ్డునే లాగి చూడండి. వెనక డ్రెయిన్ బిరడాలు రెండూ పెట్టారా? ఒకసారి నేను ఒకటి మరిచాను, ఇరవై నిమిషాల్లో ఎడమ దోనెలో నీళ్ళు గలగలమన్నాయి. మొదటిసారి మాకు పూర్తి రోజు పట్టింది. మాస్టు, చాపల వరకైతే ఇప్పుడు గంట చాలు. తోటలోనే కనీసం మూడు నాలుగుసార్లు కట్టి విప్పండి.

ఎక్కడ నేర్చుకోవాలన్నారు. తిరుపతి చుట్టుపక్కల కుదరదు, కల్యాణి డ్యామ్ మన తాగునీళ్ళు. పులికాట్ సరస్సు లోతు తక్కువ కదా, సేఫ్ కదా అనుకుంటారు. పడవ తిరగబడితే మాస్టు బురదలో దిగబడేది ఆ తక్కువ లోతువల్లే. పైగా అది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. చెన్నైలో 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ ఉంది, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద క్లబ్బులున్నాయి. ముందు చిన్న డింగీ (ఒకే దోనె ఉన్న చిన్న తెరచాప పడవ) మీద గాలి ఎటునుంచి వస్తోందో మెడకు తెలిసేదాకా నేర్చుకోండి. నేను ఆ పని తర్వాత చేశాను, అదే నా పొరపాటు.

మేం వెళ్ళేది తూపిలిపాళెం బీచ్‌కి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోతాం. పొద్దున్నే ఒడ్డున సరుగుడు తోటల చాటున గాలే లేనట్టుంటుంది, నీళ్ళు అద్దంలా ఉంటాయి. నమ్మొద్దు. ఆ వేళ వీచేది నేల మీంచి సముద్రంలోకి పోయే గాలి, కిలోమీటరు లోపలికి పోతే గట్టిగా ఉంటుంది, తిరిగి రానివ్వదు. మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలైతే, ఏం జరిగినా ఒడ్డుకే తోస్తుంది. అలలు దాటడం కష్టమే, కానీ కొత్తలో అదే మేలు. అలల మీద తెల్ల నురగలు మొదలైతే వెనక్కి తిరగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్ల కాలంలో, పడవ తోటలోనే ఉంటుంది.

తిరగబడటం గురించి. ఫిబ్రవరిలో, మూడు గంటలప్పుడు, పెద్ద చాప తాడును క్లీట్‌లో (తాడు జారకుండా పట్టే బిగింపులో) ఇరికించి హాయిగా కూర్చున్నాను. ఒక్క విసురు గాలి. కింది దోనె ముక్కు నీళ్ళలోకి దిగింది, వెనక భాగం లేచింది, మేం ఇద్దరం ఎగిరిపడ్డాం. పడవ పక్కకు పడుకుంది. ముక్కు గాలి వైపు తిప్పి, చాపల తాళ్ళు వదిలేసి, దోనె మీద నిలబడి తాడు పట్టుకుని వెనక్కి వాలితే లేవాలి. దీనికి ఇద్దరి బరువూ కలిపి 135 కిలోల పైన ఉండాలి. మాది 124. మాస్టు మూరెడు లేస్తుంది, మళ్ళీ పడుతుంది. అరగంట తర్వాత వలలకు పోతున్న ఫైబర్ బోటు వచ్చి, ఒకాయన మాస్టు కొసను పట్టుకుని చేతి మీద చేయి వేస్తూ పైకి నెట్టాడు. లేచింది. "తాడు కట్టేసి కూర్చుంటే గాలి మీ మాట వింటాదా?" అన్నాడు. అప్పటినుంచి పెద్ద చాప తాడు చేతిలోనే ఉంటుంది, క్లీట్ జోలికి పోను. నీళ్ళు నింపి వీపున తగిలించుకునే బరువు సంచీ కూడా కొన్నాం.

ఆ అరగంటలో మా వాడు ఒడ్డుకు ఈదుదామన్నాడు. ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది. పడవను వదలొద్దు, గాలికి అది మీకన్నా వేగంగా కొట్టుకుపోతుంది, వదిలితే మళ్ళీ అందదు. లైఫ్ జాకెట్ ట్రైలర్ దగ్గరే వేసుకోండి. ఫోను వాటర్‌ప్రూఫ్ కవరులో పెట్టి ఒంటికి కట్టుకోండి, కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఎన్ని గంటలకు వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి పోండి. మేం ఊళ్ళో టీకొట్టాయనకు చెప్తాం.

డబ్బు కట్టేముందు ఒకసారి మా పడవ కట్టి చూస్తానంటే రండి. జూలై దాకా తోతాపురి కోతలు ఉంటాయి, ఆగస్టులో అయితే తోట ఖాళీగా ఉంటుంది. బోరు లైనుకు దూరంగా, చెరువు వైపు జాగా చూసుకున్నాం.